బాగానే ఉన్నాడు

గ్రాంట్ హెల్విగ్ ముఖం కంటే గొంతే నాకు ఎక్కువ తెలుసు. మా అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ అనేవాడు నడుం వంచి, నేల మీది బంతిని కాళ్ళ సందు నుంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ చేతికి అందిస్తాడు. అందించిన మరుక్షణం, ఎదురుగా దూసుకొచ్చే మనిషికి అడ్డం పడతాడు. ఆ సెంటర్‌ని నేను. క్వార్టర్‌బ్యాక్ హెల్విగ్. ఆట నడిపేది అతను, ఎన్నో కేక మీద బంతి వదలాలో చెప్పేదీ అతనే. మూడేళ్ళపాటు అతను నా వెనక నిలబడి కేకేస్తుంటే నేను ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ విన్నాను. సరిగ్గా నిద్రపోయాడో లేదో, భయపడుతున్నాడో లేదో గొంతును బట్టి చెప్పేసేవాణ్ణి.

మాది ఆర్లిస్ కాలేజీ, నెబ్రాస్కాకు పడమటి వైపు. ఆరువందల మంది విద్యార్థుల్లో డెబ్భై మంది ఫుట్‌బాల్ వాళ్ళమే. మైదానానికి మూడు వైపులా మొక్కజొన్న చేలు, నాలుగో వైపు ఊరు. గాలి దక్షిణానికి తిరిగిందంటే పశువుల దొడ్ల కంపు గుప్పుమనేది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కు మూసుకుంటే పాతవాళ్ళం నవ్వేవాళ్ళం. నేను చెప్పబోయేది 1996 సీజను సంగతి. హెల్విగ్‌కీ నాకూ అదే ఆఖరి ఏడు.

హెల్విగ్‌ది ఇసుక దిబ్బల ప్రాంతం. తాతల నాటి నుంచీ పశువుల మందలు పెంచే కుటుంబం. పొరుగిల్లు తొమ్మిది మైళ్ళ దూరమట. అందుకేనేమో, మాట్లాడటం అలవాటు లేదు. వారమంతా దాచుకున్న మాటలన్నీ శనివారం మధ్యాహ్నం మైదానంలో ఖర్చుపెట్టేసి, ఆట అయిపోగానే మళ్ళీ మూగవాడైపోయేవాడు. ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం రెండేళ్ళు. అతనికి ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా వానల సంగతే ఉండేదని మాత్రం తెలుసు.

మూడో ఆట దక్షిణ డకోటాలో. రెండో సగంలో ఒకడు అతన్ని పక్క నుంచి గుద్ది పడేశాడు. తల నేలకు తగిలిన చప్పుడు నాకు వినబడింది. లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. నిదానంగా నడుచుకుంటూ అవతలి జట్టు బెంచీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మధ్య కూర్చున్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను, చెప్పడానికి సిగ్గేస్తోంది.

బర్డీ నవ్వలేదు. మా దెబ్బలకు మందు వేసేది, కాళ్ళకు పట్టీలు చుట్టేది ఆవిడే. అరవై దాటిన మనిషి. మైదానానికి అడ్డంగా పరుగెత్తి, అతని చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించుకొచ్చింది.

"ఏ ఊళ్ళో ఉన్నాం నాయనా?" అని అడిగింది.

"ఇంట్లోనే కదండీ," అన్నాడు హెల్విగ్.

రెండేళ్ళలో తలకు అలాంటి దెబ్బ తగలడం అది మూడోసారి. ఒమహాలో పెద్ద డాక్టరు చూసి, ఇక ఈ జన్మకి ఆట వద్దన్నాడు. సోమవారం కోచ్ డ్రేక్‌మన్ మమ్మల్ని ఎప్పటిలాగే ఒంటి మోకాలి మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన పద్దెనిమిదేళ్ళుగా మా కోచ్, ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఉమ్మేస్తూ మాట్లాడతాడు.

"హెల్విగ్ ఇక ఆడడు. నా పక్కన ఉండి సైగలు చేస్తాడు. ప్రొకాప్, వాడి చోట్లోకి నువ్వు. పదండి, లేవండి."

అంతే. అతని మూడేళ్ళ ఆట ముగియడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

జోడీ ప్రొకాప్ రెండో ఏడాది వాడు. మంగలి కొడుకు. నోటికి మూత ఉండేది కాదు. మొదటిసారి నా వెనక నిలబడినప్పుడు, "వోండ్రా, నీ వెనకభాగం మా ఇంటి ఫ్రిజ్ అంత ఉందిరా, దీని వెనక దాక్కుంటే నాకేమీ కాదు," అన్నాడు. అతని గొంతుకు నేను అలవాటుపడలేదు. మొదటి ఆట ఓడిపోయాం.

హెల్విగ్ మాత్రం రోజూ ప్రాక్టీసుకు వచ్చేవాడు. వెలుతురు పడక నల్లద్దాలు పెట్టుకునేవాడు. నాలుగు వాక్యాలు చదివితే తల పగిలిపోయేది. పాఠాలు నేను చదివి వినిపిస్తానన్నాను. రెండు రోజులు వినిపించాను. మూడో రోజు నాకు పనుందన్నాను. అతను మళ్ళీ అడగలేదు.

ఆటకు ముందు మేమంతా గుండ్రంగా చేరి చేతులు ఒకదాని మీద ఒకటి వేసి అరిచేవాళ్ళం. ఒకసారి హెల్విగ్ కూడా రెండడుగులు వేసి చెయ్యి ఎత్తాడు. గుంపులో సందు లేదు. ఎవరూ కావాలని చెయ్యలేదు, భుజాల తొడుగులతో మేము అంత లావుగా ఉంటాం. ఎత్తిన చేత్తో మెడ గోక్కుని వెనక్కి వెళ్ళిపోయాడు. చూసింది నేనొక్కణ్ణే అనుకుంటాను.

బస్సులో కూడా అంతే. పూర్వం వెనక వరసలో మాతోనే కూర్చునేవాడు. ఇప్పుడు వెనక కుదుపులకు తల తిరుగుతుందని డ్రైవరు వెనక సీట్లో, కిటికీకి ఆనుకుని. ఐదు గంటలు, ఆరు గంటల ప్రయాణాలు. మేము వెనక పేకాడుకుంటూ, ఒకడి మీద ఒకడు పడి నవ్వుకుంటూ ఉండేవాళ్ళం. అతని పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. లేచి వెళ్ళి కూర్చోవాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఈ ఒక్క ఆట అయ్యాక వెళ్దాం, ఈ ఊరు దాటాక వెళ్దాం అనుకుంటూ ఉండగానే ఆర్లిస్ వచ్చేసేది.

అతను మనుషుల్లో ఉన్నట్టు కనిపించింది ఆదివారాలే. చర్చి అయిపోయాక ఖాళీ జిమ్‌లో ప్రొకాప్‌కు ఆట నేర్పేవాడు. బంతి అందించడానికి నన్ను రమ్మనేవాడు. దీపాలు వేసేవాళ్ళం కాదు, పై కిటికీల్లోంచి వచ్చే వెలుగు చాలు.

"ఎడమకి చూసి ఎడమకే విసురుతున్నావు," అన్నాడు ఒకరోజు. "మా ఆవుక్కూడా తెలిసిపోతుంది ఎక్కడికి విసురుతావో."

"మీ ఆవులు ఫుట్‌బాల్ ఆడతాయేంటి?"

"నీకంటే నయంగా ఆడతాయి. అవి నోరు మూసుకుంటాయి."

ప్రొకాప్ పడీపడీ నవ్వాడు. హెల్విగ్ కూడా నవ్వాడు, నవ్వితే నొప్పి అన్నట్టు కణతలు పట్టుకుని. తనకు తెలిసిందంతా, ఒక్క కిటుకు కూడా దాచుకోకుండా, ఆ ఆదివారాల్లో వాడి చేతిలో పెట్టాడు. ఎదుటివాళ్ళ కాలి బరువు ఏ వైపు ఉందో చూసి వాళ్ళు ఎటు కదులుతారో పట్టుకోవడం, గాలి ఎదురైనప్పుడు బంతిని ఏ వేలితో వదలాలో, అన్నీ. ప్రొకాప్ తెలివైనవాడు. పట్టేశాడు.

వరసగా ఐదు ఆటలు గెలిచాం.

ఇరవై ఆరేళ్ళ తర్వాత మా కాలేజీ లీగ్ గెలిచేలా ఉందని ఊరంతా ఒకటే సందడి. ఆఖరి ఆట నవంబరు రెండో శనివారం, మా మైదానంలోనే, వేక్‌బరీ వాళ్ళతో. మెయిన్ స్ట్రీట్‌లో కొట్ల అద్దాల మీద ప్రొకాప్ చొక్కా నంబరు రంగులతో రాశారు. అంతకుముందు మమ్మల్ని చూసి తల తిప్పుకునే ముసలాళ్ళు ఇప్పుడు లారీ ఆపి పలకరించేవాళ్ళు. ఆటకు రెండు రోజుల ముందు లూథరన్ చర్చి ఆడవాళ్ళు మాకు విందు పెట్టారు. బీన్సు, గొడ్డుమాంసం వేసి కారంగా ఉడికించిన చిల్లీ, పక్కన దాల్చినచెక్క వేసిన తియ్యటి రొట్టె చుట్టలు. మా దగ్గర అవి రెండూ కలిపే తింటారు.

వరసలో నా ముందు హెల్విగ్ నిలబడ్డాడు. గరిటె పట్టుకున్న పెద్దావిడ అతని సాదా చొక్కా, నల్లద్దాలు చూసి, "నువ్వు కూడా టీమేనా బాబూ?" అని అడిగింది. మూడేళ్ళు ఆ ఊరి పత్రికలో ప్రతి ఆదివారం బొమ్మ పడ్డవాడు.

"అప్పుడప్పుడూ అండీ," అన్నాడు. ఆవిడ నవ్వి ఇంకో గరిటె వేసింది. అతను గిన్నె పట్టుకుని గోడవారగా వెళ్ళి కూర్చున్నాడు.

శనివారం మబ్బు పట్టింది. పొడిపొడిగా మంచు రాలుతోంది. ఆఖరిదైన నాలుగో భాగం మొదలైన కాసేపటికి మేము ఇరవై, వాళ్ళు పద్నాలుగు. అప్పుడు ప్రొకాప్ బంతి విసరడానికి ఎవరూ ఖాళీగా దొరక్క తనే పట్టుకుని పరుగెత్తాడు. పదకొండు గజాలు పోయాక కిందపడ్డాడు. పడుతుండగా ఒకడి మోకాలు హెల్మెట్‌కి తగిలింది. పెద్ద దెబ్బలా లేదు. వెంటనే లేచాడు. జనం హోరెత్తారు.

మేమంతా తలలు దగ్గర పెట్టుకుని గుమిగూడాం. ప్రొకాప్ ఎత్తు చెప్పాడు, రెండో కేక మీద అన్నాడు. మేము విడిపోబోతుంటే మళ్ళీ అదే ఎత్తు, అదే కేక మొదటి నుంచి చెప్పాడు. ఎవరో నవ్వారు. వరసలోకి వెళ్ళబోతూ నా భుజం పట్టుకుని, చెవి దగ్గర చాలా మామూలుగా అడిగాడు.

"వోండ్రా, ఇది ఏ ఊరురా?"

అతని కళ్ళు నా వైపే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు. డకోటా గుర్తొచ్చింది. అరవొచ్చు. చెయ్యెత్తి ఆట ఆపించొచ్చు. నాకు ఇరవై రెండేళ్ళు, నాలుగేళ్ళుగా ఆ ఒక్క మధ్యాహ్నం కోసం నడుం విరగ్గొట్టుకున్నాను. వాడి భుజాలు పట్టి సరైన వైపుకు తిప్పాను.

"ఆడరా, ఆడు," అన్నాను.

ఆడాడు. చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోతాయి. ఇంకో రెండుసార్లు బంతి అందించాను, రెండుసార్లూ సరిగ్గానే వేశాడు. తర్వాత బంతి అవతలివాళ్ళకు పోయి మేము బయటికి వచ్చాం.

హెల్విగ్ నల్లద్దాలు తీసి ప్రొకాప్ ముందు నిలబడ్డాడు.

"మొన్న చర్చిలో ఏం తిన్నాంరా?"

"నన్ను వదిలెయ్."

"ఏం తిన్నాం?"

"తిన్నాం. ఏదో తిన్నాం. గ్రాంట్, నీకు దండం పెడతాను, ఎవరికీ చెప్పకు. ఇంకొక్క పది నిమిషాలే కదా."

హెల్విగ్ నా వైపు తిరిగాడు. నేను నీళ్ళ సీసా నోట్లో పెట్టుకున్నాను.

"వోండ్రా, లోపల వీడు సరిగ్గానే ఉన్నాడా?"

నీళ్ళు మింగి చెప్పాను. "బాగానే ఉన్నాడు."

అతను నన్నే చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి బర్డీ చెవిలో ఏదో చెప్పాడు.

బర్డీ వచ్చి ప్రొకాప్‌ను మూడు ప్రశ్నలు అడిగింది. నాలుగోది అడగలేదు. బెంచీ మీది హెల్మెట్ తీసుకుని, మందుల సామాను పెట్టుకునే పెద్ద ఐసుపెట్టెలో పడేసి, మూత వేసి, దాని మీద కూర్చుంది.

కోచ్ కుంటుకుంటూ వచ్చాడు. "బర్డీ, అది ఇటివ్వు. వాడు నిలబడ్డాడు, నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు."

"నేను లేస్తేగాని ఇది తెరుచుకోదు కోచ్. నేను లేవను."

"ఎవరు చెప్పారు నీకు?"

ఆవిడ మూత మీద ఇంకాస్త సర్దుకు కూర్చుంది. కోచ్ హెల్విగ్ వైపు చూశాడు. మేమంతా చూశాం. హెల్విగ్ అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

క్వార్టర్‌బ్యాక్‌గా దిగడానికి మిగిలింది మొదటి ఏడాది వాడొకడు. వాడికి నేను వారం మొత్తం మీద నాలుగుసార్లు బంతి అందించి ఉంటానేమో. వాడి చేతులు మంచుకు కొయ్యబారిపోయాయి. నా చేతి నుంచి వాడి చేతికి మారేచోట బంతి రెండుసార్లు జారి కిందపడింది. రెండోది వేక్‌బరీ వాడొకడు ఎత్తుకుని పరుగెత్తి, వెనక్కి చూడకుండా గీత దాటేశాడు. ఇరవై ఒకటి, ఇరవై. ఒక్క పాయింటుతో పోయింది.

లాకర్ గదిలో ఎవరూ షూ కూడా విప్పలేదు కాసేపు. కోచ్ తలుపు దగ్గర నిలబడి, "బాగా ఆడారు," అని వెళ్ళిపోయాడు. అప్పుడు నా పక్కన ఆడే బుల్లర్డ్ లేచి హెల్విగ్ ముందుకు వెళ్ళాడు. కొండంత మనిషి, ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీకు దక్కనిది వాడికీ దక్కకూడదనేగా?"

హెల్విగ్ అద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"అడుగుతుంటే చెప్పవేంరా? వోండ్రా వాడి ముందే ఉన్నాడు. వాడి మొహంలో మొహం పెట్టి చూశాడు. బాగానే ఉన్నాడని నీకు చెప్పాడా లేదా?"

"చెప్పాడు," అన్నాడు హెల్విగ్.

గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఒక్క మాట చాలు. వాడు ఇది ఏ ఊరని అడిగాడురా అంటే చాలు. నేను షూ లేసు ముడి పీకుతూ కూర్చున్నాను. ముడి రావడం లేదు. దాన్ని పీకుతూనే ఉన్నాను.

ప్రొకాప్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళి తలకు స్కాను తీశారు. ఏమీ లేదన్నారు. సోమవారం భోజనాల హాల్లోకి వస్తూనే, "నా తలకాయ ఫొటో తీశారు, లోపల ఏమీ లేదట," అని గట్టిగా చెప్పాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు హెల్విగ్ కూర్చున్న బల్ల దాకా వెళ్ళింది. ఎంగిలి పళ్ళేలు పెట్టే కిటికీ పక్కన, గోడకు ఆనుకున్న ఇద్దరు పట్టే చిన్న బల్ల అది. అక్కడ అతనొక్కడే. ప్రొకాప్ అటు వెళ్ళలేదు. ఆదివారాలు తన ఎదురుగా నిలబడి అంతా నేర్పినవాణ్ణి దాటుకుని వెళ్ళి బుల్లర్డ్ పక్కన కూర్చున్నాడు.

స్కాను మాట ఊళ్ళోకి పాకింది. దాని వెంట నా మాట కూడా పాకింది. మంగలి షాపులో, కాఫీ హోటల్లో, చర్చి మెట్ల మీద, "వాడి ముందే నిలబడ్డ వోండ్రా కూడా బాగానే ఉన్నాడన్నాడట" అని జనం చెప్పుకున్నారు. నాకు కాఫీ పోసే ఆవిడ, "నువ్వు మంచివాడివి కాబట్టి పైకి ఏమీ అనవు, నాకు తెలుసులే," అంది. తల ఊపి కాఫీ తాగాను.

ఎవరో హెల్విగ్ లాకర్ నిండా పట్టీల చుట్టలు కుక్కి, మీద కాగితంతో చేసిన నర్సు టోపీ పెట్టారు. అతను చుట్టలన్నీ తీసి, లెక్కగా పేర్చి, బర్డీ గదిలో అల్మరాలో పెట్టేసి వచ్చాడు. టోపీ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో తెలియదు.

గదిలో మేమిద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ పడుకునేవాళ్ళం. నేను నిద్రపోయినట్టు నటించేవాణ్ణి. అతను కూడా అంతేనేమో. డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం వచ్చేసరికి మంచం మీద పరుపు చుట్టి ఉంది. సామాను పికప్ బండిలో పెడుతున్నాడు. పాత కుర్చీ ఒకటి మిగిలింది, దాన్ని నేను మోసుకెళ్ళాను. బండి వెనక ఎక్కించి తాళ్ళతో కట్టడానికి చేయిసాయం చేశాను. చెప్పాలనే కిందికి వచ్చాను. గొంతులో మాట పుట్టింది కూడా.

"రోడ్ల మీద మంచు గడ్డకట్టి ఉంటుందేమో," అన్నాను.

"నిదానంగానే పోతాలే."

"పరీక్షలు?"

"చదవలేకపోతున్నాన్రా," అన్నాడు. బండెక్కాడు. చెయ్యి ఊపలేదు, కోపంతో అని కాదు, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.

జనవరిలో తిరిగి రాలేదు. వసంతంలో నేను డిగ్రీ తీసుకున్నాను. రెండు కౌంటీల అవతల ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం, సాయంత్రాలు ఫుట్‌బాల్ కోచింగు. పద్దెనిమిదేళ్ళు గడిచాయి. పెళ్ళి అయింది, కూతురు పుట్టింది, విడాకులయ్యాయి. ప్రొకాప్ నన్ను అడిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడతో సహా. మాతో ఆడినవాళ్ళు కనబడినప్పుడు ఆ ఆట మాట వస్తే తప్పుకుని లేచి వెళ్ళేవాణ్ణి. ఓటమి బాధ అనుకునేవాళ్ళు.

2014లో మా స్కూలు జట్టులో పదహారేళ్ళ పిల్లవాడొకడు దెబ్బ తిని లేచాడు. బాగానే ఉన్నానన్నాడు. ఒంటి కాలి మీద నిలబడమన్నాను, తూలాడు. కూర్చోబెట్టేశాను. ఓడిపోయాం. వాళ్ళ నాన్న బయట కార్ల మధ్య నన్ను పట్టుకుని నా పక్కన నా కూతురు ఉందని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను నిలబడి విన్నాను. ఐదు నిమిషాలు పట్టిందేమో. ఇంటికొచ్చాక హెల్విగ్ గుర్తొచ్చాడు. నన్ను తిట్టింది ఒక్కడే, ఐదే నిమిషాలు. నా జట్టు నా వెనకే ఉంది.

మర్నాడు ఆదివారం. బండి తీసుకుని ఇసుక దిబ్బల వైపు పోయాను. మూడు గంటలు. ఆఖరి నలభై మైళ్ళలో ఎదురైన బండ్లు రెండు.

హెల్విగ్ గాలిమర కింద నీళ్ళ తొట్టెలో పైపు బాగుచేస్తున్నాడు. జుట్టు సగం పోయింది. నా వైపు చూసి, తల వంచి పని పూర్తి చేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు.

"లావయ్యావురా," అన్నాడు.

ఆ గొంతు వినగానే నాకు నడుం వంగినట్టయింది. నిలబడ్డచోటే అంతా చెప్పేశాను. ప్రొకాప్ ఏమడిగాడో, నేను వాడిని ఎలా తిప్పానో, నీళ్ళ సీసా, షూ లేసు. ముందుగా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. అతను తొట్టె అంచు మీద కూర్చుని విన్నాడు. ఆవులు నాలుగైదు వచ్చి నీళ్ళు తాగి పోయాయి.

"తెలుసు," అన్నాడు చివరికి.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఆ రోజే. నీ మొహం చూస్తే తెలియదా?"

"తెలిసి కూడా లాకర్ గదిలో ఎందుకు చెప్పలేదు? నేను అబద్ధమాడానని అనొచ్చుగా."

"చెప్పి?" అన్నాడు. "వాడికి దెబ్బ తగిలిందని నీ నోటితో విని తెలుసుకోవాల్సిన పని నాకు లేదు వోండ్రా. వాడు బెంచీ దగ్గరికి వస్తున్న నడక చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. నిన్ను అడిగింది దానికి కాదు. బర్డీ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దామని అడిగాను."

క్షమించమని అడుగుదామని వచ్చినవాణ్ణి, ఆ మాటే మర్చిపోయాను. అతను లేచి, "రా, కాఫీ తాగి పోదువుగాని," అన్నాడు. వంటగదిలో ఒకే కుర్చీ ఉంది. దాన్ని నాకిచ్చి అతను గట్టుకు ఆనుకుని నిలబడి తాగాడు. తలనొప్పులు ఇంకా వస్తాయన్నాడు, వానకు ముందు రోజు ఎక్కువట. పత్రిక చదవడం మానేశాడు, రేడియో వింటాడు. ప్రొకాప్ ఏం చేస్తున్నాడని అడిగాడు. లింకన్‌లో ఇన్సూరెన్సు ఆఫీసు, ముగ్గురు పిల్లలు అని చెప్పాను.

"మాటలు తగ్గాయా?"

"ఏం తగ్గుతాయి."

"మంచిదే," అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఆ వారం మా పాత జట్టులో చిరునామాలు దొరికినవాళ్ళందరికీ ఉత్తరం రాశాను. నలభై రెండు. జరిగింది జరిగినట్టు, ఒక పేజీ. ముగ్గురు జవాబు రాశారు. బుల్లర్డ్ రెండే ముక్కలు రాశాడు: ఇప్పుడా చెప్పేది? మిగతావాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

ప్రొకాప్ ఉత్తరం రాయలేదు. ఒక రోజు స్కూలుకి ఫోన్ చేశాడు, క్లాసుల మధ్య విరామంలో. చాలాసేపు అవతల చప్పుడు లేదు. అంతసేపు వాడు నోరు మూసుకోవడం ఎన్నడూ ఎరగను.

"నాకు ఆ రోజు రెండో సగం ఏదీ గుర్తులేదు వోండ్రా," అన్నాడు. "ఒక్క ముక్క కూడా లేదు. నిన్నడిగానని నీ ఉత్తరం చదివితేగాని తెలియలేదు. ఆసుపత్రిలో లేచేసరికి మా అమ్మ పక్కన ఉంది. స్కానులో ఏమీ లేదన్నారు కదా, ఇక గుర్తులేదని ఎలా చెప్పను? ఊరంతా నా వైపు ఉంది. బాగానే ఉన్నాననేశాను. తర్వాత అదే నిజమనిపించింది."

"గ్రాంట్‌కి చెప్పావా ఎప్పుడైనా?"

"ఏమని చెప్పను? వాడి దగ్గర నేర్చుకున్న ఆట తప్ప నా దగ్గర ఏముందిరా అప్పుడు? వాణ్ణి చూస్తే భయమేసేది." కాగితం కోసం వెతుకుతున్న చప్పుడైంది. "వాడి నంబరు ఉందా నీ దగ్గర?"

ఇచ్చాను. రాసుకుని, నాకు ఒకసారి తిరిగి చదివి వినిపించాడు.

"అక్కడ సెల్లు పనిచెయ్యదు," అన్నాను. "వంటగదిలో గోడ ఫోను. పగలంతా బయట ఉంటాడు. పన్నెండున్నరకి చెయ్యి, భోజనానికి ఇంట్లోకి వస్తాడు."

సరేనన్నాడు. చేశాడో లేదో నేను కనుక్కోలేదు.